శ్రామికుని దేహంలో నీటి లెక్క: శ్రమ, చెమట, రక్తప్లాస్మా

పంటకు ఎప్పుడు, ఎంత నీరు పెట్టాలో చెప్పడానికి వ్యవసాయ శాస్త్రం వద్ద సాధనాలకు కొదవ లేదు. నేలలో పైరుకు అందుబాటులో ఉన్న తేమ సగం తరిగిపోగానే తడి ఇవ్వమంటాము. పాన్ నుంచి ఆవిరైన నీటిని కొలిచి తడుల మధ్య వ్యవధిని నిర్ణయిస్తాము. ఆకుల ఉష్ణోగ్రతను గమనించి, పైరు వాడకముందే బెట్టను పసిగడతాము. ఆ తడి కట్టే రైతు, కలుపు తీసే స్త్రీ, కొనుగోలు కేంద్రంలో ధాన్యం బస్తాలు మోసే హమాలీ దేహంలో నీరు ఏ మేరకు తరిగిందన్న ప్రశ్న మాత్రం మన సాగు సిఫారసులలో అరుదుగా కనిపిస్తుంది.

వేడిలో శ్రమించే మనిషి దేహంలో ముందుగా ఒత్తిడికి లోనయ్యేది రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా. దాని పరిమాణం దాహం వేయకముందే తగ్గడం మొదలవుతుంది. తగ్గిన కొద్దీ గుండె, చర్మం, మూత్రపిండాలు ఒకదాని వాటాను మరొకటి కోసుకుంటూ పనిని నెట్టుకువస్తాయి. ఈ ప్రక్రియను వ్యవసాయ శాస్త్రవేత్తలకు పరిచయమైన నీటి లెక్కల భాషలోనే వివరించి, పైరుకు తడుల ప్రణాళిక ఉన్నట్లే పనిచేసే మనిషికీ నీటి ప్రణాళిక ఉండాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

బాచుపల్లి చూపే చిత్రం

హైదరాబాద్ నగరానికి వాయవ్య దిశలో, మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో ఉన్న బాచుపల్లి ఒక తరం కిందట పొలాల మధ్య ఉన్న గ్రామం. సైబరాబాద్ ఐటీ కారిడార్ విస్తరించిన కొద్దీ మియాపూర్ మొదలు బాచుపల్లి మీదుగా బహుళ అంతస్తుల నివాస సముదాయాలు వెలిశాయి. నగరం చుట్టూ ఇటువంటి కట్టడాల వద్ద ఇనుము వంచేవారిలో, స్లాబుపై కాంక్రీటు పోసేవారిలో, ఇటుకలు మోసేవారిలో పాలమూరు నుంచి, ఉత్తరాంధ్ర నుంచి, ఒడిశా, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన వ్యవసాయ కుటుంబాలవారు ఎందరో ఉన్నారు. వీరిలో కొందరు ఊరిలో పని తగ్గిన వేసవిలో నగరానికి వచ్చి, తొలకరికి తిరిగి ఊరికి చేరుకుంటారు. ఏప్రిల్‌లో స్లాబు మీద ఉన్న మనిషే జూలైలో నాటు మడిలో ఉంటాడు. కనుక ఇతని ఆరోగ్యం కార్మిక శాఖకు సంబంధించిన విషయమని చెప్పి వ్యవసాయ విస్తరణ విభాగం పక్కకు తప్పుకోవడం సరికాదు.

అదే బాచుపల్లిలో మరో వర్గం ఉన్నది. పగలంతా శీతల గదులలో పనిచేసి, సాయంత్రం పరుగుకో వ్యాయామానికో బయటికి వచ్చే ఉద్యోగులు వీరు. ఒకే వీధిలో, ఒకే ఉష్ణోగ్రతలో, ఈ ఇద్దరి రక్తప్లాస్మా ఒకే తీరున స్పందించదు. ఈ తేడాకు కారణం మున్ముందు తెలుస్తుంది.

బాచుపల్లికి పడమరగా పటాన్‌చెరులో 1972లో స్థాపితమైన ఇక్రిశాట్ ఉన్నది. అక్కడి లైసీఫీల్డ్ అనే ఏర్పాటులో మట్టి నింపిన పొడవైన గొట్టాలలో పైరును పెంచి, వాటిని తూకం వేస్తూ మొక్క ఎంత నీరు వాడుకున్నదో లెక్కిస్తారు. తగ్గిన బరువే ఆవిరైన నీరు. మనిషి విషయంలోనూ సూత్రం ఇదే. పనికి ముందు, పని తరువాత బరువు తూచి, తాగిన నీటిని కలిపి, విసర్జించిన మూత్రాన్ని తీసివేస్తే మిగిలేది దాదాపు చెమటే. ఒక కిలో తేడా అంటే సుమారు ఒక లీటరు. శ్రామికుని లైసీమీటర్ అంటే సాధారణ తూకపు యంత్రమే.

దేహంలోని నీటి అరలు

60 కిలోల బరువున్న పురుషుని దేహంలో నీరు సుమారు 36 లీటర్లు. స్త్రీలలో ఈ నిష్పత్తి కొంత తక్కువ. ఈ 36 లీటర్లలో మూడింట రెండు వంతులు కణాల లోపల ఉంటుంది. మిగిలిన 12 లీటర్లు కణాల వెలుపల ఉంటాయి. ఆ వెలుపలి నీటిలోనూ అధికభాగం కణజాలాల సందులలో నిలిచి ఉండగా, రక్తనాళాలలో ప్లాస్మాగా ప్రవహించేది సుమారు 2.5 లీటర్లు మాత్రమే. దేహంలోని నీటి మొత్తంలో ఇది సుమారు 7% అవుతుంది. ఆక్సిజన్ చేరవేత, పోషకాల సరఫరా, వేడిని చర్మానికి మోసుకుపోవడం, వ్యర్థాలను మూత్రపిండాలకు చేర్చడం అన్నీ ఈ కొద్దిపాటి ద్రవం మీదనే ఆధారపడి ఉన్నాయి.

ఈ అరల మధ్య గోడలు నీటిని ఆపవు. కేశనాళికల లోపలి పీడనం నీటిని బయటికి నెడుతుంది. ప్లాస్మాలోని ప్రోటీన్లు, ముఖ్యంగా ఆల్బుమిన్, నీటిని లోపలికి లాగి నిలుపుతాయి. ఈ రెండింటి సమతుల్యతను 1896లో ఆంగ్ల శరీరధర్మ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ స్టార్లింగ్ వివరించాడు. కణం లోపలికి, వెలుపలికి నీటి కదలికను నిర్ణయించేది లవణాల గాఢత. ఆరోగ్యవంతుని ప్లాస్మాలో ద్రవాభిసరణ గాఢత కిలో నీటికి 285 నుంచి 295 మిల్లీఆస్మోల్స్ మధ్య ఉంటుంది. ఈ ఇరుకైన హద్దును కాపాడుకోవడానికి దేహం ఎంతో శ్రమిస్తుంది. నేల నుంచి వేరుకు, వేరు నుంచి ఆకుకు నీటి శక్మం తేడాను అనుసరించి నీరు కదులుతుందని చదివిన విద్యార్థికి ఇందులో కొత్త సూత్రం లేదు. ఒక్క తేడా గమనార్హం. మొక్క వేళ్ల చుట్టూ నేల అనే నిల్వ ఉంటుంది. మనిషికి అటువంటి నిల్వ దేహం వెలుపల లేదు. నోటి ద్వారా వచ్చిందే జమ.

చెమట పట్టకముందే తగ్గే ప్లాస్మా

ప్లాస్మా తగ్గడానికి చెమట ఒక్కటే కారణమని సాధారణంగా భావిస్తారు. నిజానికి మొదటి తగ్గుదల చెమట కంటె ముందే జరుగుతుంది. పడుకున్న మనిషి లేచి నిలబడితే భూమ్యాకర్షణ వలన కాళ్ల కేశనాళికలలో పీడనం పెరిగి, అరగంటలో ప్లాస్మా 10% పైగా కణజాలాలలోకి జారుకుంటుంది. బరువైన పని మొదలుపెడితే రెండు శక్తులు తోడవుతాయి. ఒకటి, పనిచేసే కండరంలో రక్తప్రవాహం, రక్తపీడనం పెరగడం. రెండు, కండర కణాలలో లాక్టేట్ వంటి పదార్థాలు పోగై నీటిని తమవైపు గుంజుకోవడం. తీవ్రమైన శ్రమలో మొదటి కొద్ది నిమిషాలలోనే ప్లాస్మా 10 నుంచి 15% వరకు తగ్గవచ్చు.

ఈ నీరు దేహాన్ని విడిచిపోలేదు. ఒక అర నుంచి మరో అరకు మారింది. విశ్రాంతి తీసుకుంటే గంటలోపే చాలావరకు తిరిగి రక్తనాళాలలోకి చేరుతుంది. పని మధ్య నీడలో కూర్చునే విరామానికి శాస్త్రీయ ప్రయోజనం ఇక్కడే మొదలవుతుంది. ఆ కొద్ది సమయంలో కూలీ దేహంలో ప్లాస్మా తిరిగి నిండుతుంది. విరామాన్ని సోమరితనంగా లెక్కగట్టే మేస్త్రీకి, గుత్త పనిలో ఆగితే కూలి తగ్గుతుందని భయపడే కూలీకి ఈ విషయం చెప్పవలసిన బాధ్యత మనది.

బాష్పీభవనపు లెక్క

పైరు నీటి అవసరాన్ని పెన్‌మన్–మాంటీత్ సమీకరణంతో లెక్కించేటపుడు బాష్పీభవన గుప్తోష్ణం కిలోకు 2.45 మెగాజౌళ్లుగా తీసుకుంటాము. చెమట విషయంలోనూ విలువ దాదాపు ఇదే. ఒక లీటరు చెమట చర్మం మీద పూర్తిగా ఆవిరైతే సుమారు 2.4 మెగాజౌళ్ల వేడి దేహం నుంచి తొలగుతుంది.

పారతో మట్టి తవ్వడం, బస్తాలు మోయడం వంటి పనులలో దేహం ఉత్పత్తి చేసే వేడిని సుమారు 400 వాట్లుగా తీసుకుందాం. గంటకు అది 1.44 మెగాజౌళ్లు. గాలి ఉష్ణోగ్రత చర్మపు ఉష్ణోగ్రతను దాటితే గాలికి వేడిని వదిలే దారి మూసుకుపోతుంది. అప్పుడు మిగిలే దారి చెమట ఒక్కటే. 1.44ను 2.45తో భాగిస్తే గంటకు సుమారు 0.6 లీటరు. ఎండ నుంచి, వేడెక్కిన కాంక్రీటు నుంచి దేహం గ్రహించే వేడి దీనికి అదనం. ఆవిరి కాకుండా కారిపోయే చెమట వృథా. కనుక వాస్తవంలో గంటకు లీటరు, అంతకు మించి కూడా చెమట పట్టవచ్చు. గంటకు 0.6 లీటరు లెక్కనే తీసుకున్నా ఆరు గంటల పనిలో 3.6 లీటర్లు పోతాయి. ఆ శ్రామికుని దేహంలోని ప్లాస్మా మొత్తం 2.5 లీటర్లే అన్నది గుర్తుంచుకోవాలి.

అంత నీరు పోయినా ప్లాస్మా ఖాళీ కాకపోవడానికి కారణం చెమట స్వభావంలోనే ఉన్నది. చెమటలో ఉప్పు ఉన్నా ప్లాస్మాలో కంటె తక్కువ గాఢతలో ఉంటుంది. కనుక చెమట పట్టిన కొద్దీ మిగిలిన ప్లాస్మా చిక్కబడి, కణాల లోపలి నీటిని బయటికి రప్పించుకుంటుంది. దేహం తన కణాల నుంచి అప్పు తెచ్చి రక్తాన్ని నిలబెడుతుందన్నమాట. ఈ అప్పు సరిపోయినంత కాలం మనిషి నిలబడి పనిచేస్తూనే ఉంటాడు. చూసేవారికి లోపల ఏమి జరుగుతున్నదో తెలియదు. అయినప్పటికీ కోల్పోయిన నీటిలో ప్లాస్మా భరించే వాటా, దేహంలో దానికున్న 7% వాటా కంటె ఎక్కువగానే ఉంటుంది.

గాలిలో తేమ ఎక్కువగా ఉంటే పరిస్థితి మరింత విషమిస్తుంది. జూలైలో నాటు మడిలో ఉష్ణోగ్రత మే నెలకంటె తక్కువే. కాని నిలిచిన నీటి నుంచి, చుట్టూ ఉన్న తేమగాలి నుంచి చెమట ఆవిరయ్యే అవకాశం సన్నగిల్లుతుంది. చెమట కారుతుంది, చల్లదనం రాదు. అందుకే శ్రామికుల విషయంలో ఉష్ణోగ్రత ఒక్కదానినే కాక తడిబల్బు, గోళపు ఉష్ణోగ్రతలను కలిపిన సూచికను వాడతారు. ఆరుబయట ఆ సూచికలో సహజ తడిబల్బు ఉష్ణోగ్రతకు 70%, ఎండ వేడిని తెలిపే నల్లని గోళానికి 20%, గాలి ఉష్ణోగ్రతకు 10% ప్రాముఖ్యం ఉంటుంది. మన వాతావరణ పరిశీలనాలయాలలో నిత్యం నమోదు చేసే తడిబల్బు ఉష్ణోగ్రత శ్రామికుని ఆరోగ్యానికి ఎంత ముఖ్యమో దీనిని బట్టి గ్రహించవచ్చు.

పత్రరంధ్రాలు మూసుకున్నట్లు

బెట్టకు గురైన పైరులో పత్రరంధ్రాలు మూసుకుంటాయి. బాష్పోత్సేకం తగ్గి ఆకు వేడెక్కుతుంది. చుట్టూ ఉన్న గాలి కంటె చల్లగా ఉండవలసిన పైరు వేడిగా కనిపిస్తే నీటి ఎద్దడి ఉన్నదని గుర్తిస్తాము. మనిషిలోనూ దీనికి దగ్గరి పోలిక ఉన్నది. ప్లాస్మా తగ్గి చిక్కబడినప్పుడు దేహం చర్మానికి పంపే రక్తాన్ని, పట్టే చెమటను తగ్గించుకుంటుంది. రక్తపీడనాన్ని కాపాడుకోవడానికి చల్లదనాన్ని వదులుకుంటుంది. నీటి లోటు శరీర బరువులో ప్రతి ఒక్క శాతానికీ, అదే పనికి, అంతర్గత ఉష్ణోగ్రత సుమారు 0.1 నుంచి 0.2 డిగ్రీల సెల్సియస్ అదనంగా పెరుగుతుంది. ఒక్కో స్పందనకు గుండె పంపే రక్తం తగ్గడంతో ఆ లోటును పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. అదే బస్తా, అదే దూరం, కాని మధ్యాహ్నానికి నాడి పొద్దుటి కంటె వేగంగా కొట్టుకోవడం ఇందువల్లనే.

దేహపు అంతర్గత ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, మాట తడబడడం, తికమకపడడం, స్పృహ తప్పడం వంటి లక్షణాలు కనిపిస్తే అది వడదెబ్బ. అప్పుడు నోటితో నీరు తాగించడానికి ప్రయత్నించక, నీడకు చేర్చి, ఒంటినిండా నీరు పోసి, గాలి తగిలేలా చేస్తూ వెంటనే ఆసుపత్రికి తరలించాలి. 2015 మే నెలలో దేశంలో వడగాలులకు 2,000 మందికి పైగా మరణించగా వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవారే. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు రూ. 4 లక్షల సహాయం ప్రకటించింది. మరణం తరువాత అందే సహాయం అవసరమే. దానికి ఎన్నో గంటల ముందు, పొలం గట్టు మీదనే ఆపదను ఆపగల సలహా అంతకంటె అవసరం.

పైరు విషయంలో శాశ్వతంగా వాడిపోయే స్థితి వచ్చేవరకు తడి కోసం ఆగము. దాహాన్ని కూడా అలాగే చూడాలి. శ్రమలో ఉన్నవారికి దాహం బాగా తెలిసేసరికే శరీర బరువులో ఒకటి నుంచి రెండు శాతం నీరు పోయి ఉంటుంది. పైగా నాలుగు గుక్కలు తాగగానే, లోటు తీరకముందే, దాహం చల్లారుతుంది. కనుక ఎండలో పనికి దాహం ఆలస్యంగా మోగే గంట.

అలవాటు పడిన దేహం

బాచుపల్లిలోని ఇద్దరి మధ్య తేడా ఇక్కడ తేటపడుతుంది. రోజూ వేడిలో కొంతసేపు శ్రమిస్తే ఒకటి రెండు వారాలలో దేహం అలవాటుపడుతుంది. ఈ మార్పులలో మొదట కనిపించేది ప్లాస్మా పెరుగుదల. ఆల్డోస్టిరోన్ ప్రభావంతో మూత్రపిండాలు, చెమట గ్రంథులు ఉప్పును పొదుపు చేస్తాయి. రక్తంలో ఆల్బుమిన్ పెరిగి నీటిని నిలుపుతుంది. ఇలా ప్లాస్మా పరిమాణం సాధారణంగా 5 నుంచి 15% వరకు పెరుగుతుంది. చెమట త్వరగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. బెట్టకు క్రమంగా అలవాటుపడిన జొన్న తన కణాలలో ద్రావితాలను పోగుచేసుకుని నీటిని నిలుపుకోవడంతో దీనిని పోల్చవచ్చు.

ఈ అలవాటు నిలకడైనది కాదు. రెండు మూడు వారాలు వేడికి దూరమైతే చాలావరకు కరిగిపోతుంది. శీతల గదులలో గడిపే ఉద్యోగికి, సెలవుల తరువాత తిరిగి పనికి వచ్చిన కూలీకి, జ్వరం నుంచి కోలుకున్న హమాలీకి ఆ రక్షణ ఉండదు. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి తరగతి గదుల నుంచి నేరుగా గ్రామాలకు వెళ్లే మన విద్యార్థులూ ఈ కోవలోనివారే. అమెరికాలోని వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్ సిఫారసు ప్రకారం కొత్తవారికి మొదటిరోజు వేడిలో పని 20% మించకుండా ఇచ్చి, ఆపై రోజుకు 20% చొప్పున పెంచాలి. అనుభవం ఉండి విరామం తరువాత వచ్చినవారికి మొదటిరోజు 50%, తరువాత 60, 80, 100% చొప్పున పెంచవచ్చు.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. ఎండకు కాచిన ఒంటికి నీరు అంతగా అక్కరలేదని పలువురు నమ్ముతారు. అలవాటుపడిన దేహం ఎక్కువ చెమట పట్టించడం ద్వారానే తనను కాపాడుకుంటుంది. కనుక అనుభవజ్ఞుడైన కూలీకి కావలసిన నీరు కొత్తవాని కంటె ఎక్కువే కాని తక్కువ కాదు.

నీరు, దానితో ఉప్పు

వేడిలో పనిచేసేవారు ప్రతి 15 నుంచి 20 నిమిషాలకు సుమారు ఒక గ్లాసు, అనగా 240 మిల్లీలీటర్ల నీరు తాగాలని నియోష్ సూచిస్తుంది. గంటకు సుమారు 1.4 లీటర్ల పరిమితిని దాటవద్దని కూడా చెబుతుంది. ఉప్పు లేకుండా అతిగా నీరు తాగితే రక్తంలో సోడియం పలచబడి ప్రాణాపాయం కలగవచ్చు. అదీగాక, తాగిన మంచినీరు ప్లాస్మాను పలచబరిచి, దాహాన్ని ముందే తీర్చి, మూత్రంగా వెళ్లిపోతుంది. దానిని దేహంలో నిలిపేది సోడియమే.

ఈ సంగతి భారీ కట్టడం ఒకదాని వద్దనే రుజువయింది. అమెరికాలో హూవర్ డ్యామ్ నిర్మాణంలో 1931 వేసవిలో వేడికి పలువురు కార్మికులు మరణించారు. మరుసటి వేసవిలో హార్వర్డ్ ఫెటీగ్ లేబొరేటరీ బృందం అక్కడికి వెళ్లి కార్మికులను పరీక్షించింది. వారిని బాధించిన కండరాల పట్లకు చెమటతో ఉప్పు పోవడం ముఖ్య కారణమని గుర్తించింది. మన ఊళ్లలో పొలానికి ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి, గంజి తీసుకుపోయే అలవాటుకు ఇంతకంటె బలమైన సమర్థన అక్కరలేదు. రోజువారీ పనికి ఆహారంతో పాటు ఇవే చాలినంత సోడియాన్ని, పొటాషియాన్ని అందిస్తాయి. అధిక రక్తపోటు, గుండె లేదా మూత్రపిండాల జబ్బులు ఉన్నవారు మాత్రం ఉప్పు విషయంలో వైద్యుని సలహా పాటించాలి.

వాంతులు, విరేచనాలు, తీవ్రమైన నీరసం ఉన్నప్పుడు ఓఆర్ఎస్ వాడాలి. 2002 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి సోడియం క్లోరైడ్ 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. పేగు గోడలో గ్లూకోజ్, సోడియం జంటగా లోపలికి ప్రవేశిస్తూ నీటిని వెంట తీసుకుపోవడం దీని రహస్యం. చక్కెర మోతాదు మించితే నీరు తిరుగుదారి పట్టి పేగులోకే వస్తుంది. ఈ సూత్రానికి సరిపోని తీపి పానీయాలు ఓఆర్ఎస్ పేరుతో అమ్ముడుపోవడంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబర్‌లో భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ అటువంటి పానీయాల పేర్లలో ఆ పదం వాడరాదని ఆదేశించింది. పొట్లం మీది పేరును గాక, సూత్రాన్ని చూసి కొనమని రైతులకు చెప్పడం మన పని.

రక్తపరీక్ష చెప్పేది, దాచేది

ప్లాస్మా మార్పును నేరుగా కొలవడానికి రంగుద్రవ్యాలను రక్తంలోకి ఎక్కించే పద్ధతులు ఉన్నాయి. క్షేత్రస్థాయిలో సులువైన దారిని 1974లో డిల్, కాస్టిల్ అనే శాస్త్రవేత్తలు చూపారు. ఎర్రకణాలు రక్తనాళాలను విడిచిపోవు. కనుక హిమోగ్లోబిన్ గాఢత, హెమటోక్రిట్ విలువలు మారిన తీరును బట్టి ప్లాస్మా ఎంత తగ్గిందో లెక్కించవచ్చు.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. పనికి ముందు హిమోగ్లోబిన్ డెసిలీటరుకు 14.0 గ్రాములు, హెమటోక్రిట్ 42%. పని తరువాత అవి 14.8 గ్రాములు, 44%. మొదటి హిమోగ్లోబిన్‌ను రెండవదానితో భాగిస్తే 0.946. రక్తంలో ప్లాస్మా వంతు 58 నుంచి 56 శాతానికి తగ్గింది. 56ను 58తో భాగిస్తే 0.966. ఈ రెండింటి లబ్ధం సుమారు 0.913. అనగా ప్లాస్మా పరిమాణం 8.7% తగ్గింది. హెమటోక్రిట్‌లో రెండు శాతం మార్పు స్వల్పంగా కనిపించినా, దాని వెనుక ప్లాస్మాలో పెద్ద మార్పు ఉన్నది.

ఇదే లెక్కను తిప్పి చూస్తే ఒక హెచ్చరిక బయటపడుతుంది. 2019–21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత తెలంగాణలో 57.6%, ఆంధ్రప్రదేశ్‌లో 58.8%. పొలం పని ముగించుకుని, నీరు తాగకుండా, నేరుగా ఆరోగ్య శిబిరానికి వచ్చిన స్త్రీ రక్తం చిక్కబడి ఉంటుంది. 11.5 గ్రాములు ఉండవలసిన హిమోగ్లోబిన్ 12 దాటి కనిపించవచ్చు. అప్పుడు ఆమె పేరు రక్తహీనుల జాబితా నుంచి జారిపోతుంది. దీనికి విరుద్ధంగా, గర్భిణులలో ప్లాస్మా 40 నుంచి 50% వరకు పెరగడం వలన, ఎర్రకణాలు తగ్గకపోయినా గాఢత తగ్గినట్లు కనిపిస్తుంది. కనుక గ్రామ శిబిరాలను ఉదయం వేళ, పనికి ముందు, కొంతసేపు కూర్చోబెట్టిన తరువాత నిర్వహించేలా ఆరోగ్య సిబ్బందితో సమన్వయం చేసుకోవడం మంచిది.

మూత్రపిండాలు చెల్లించే మూల్యం

ప్లాస్మా తగ్గినప్పుడు దేహం పొదుపు మొదలుపెట్టే చోట్లలో మూత్రపిండాలు ముఖ్యమైనవి. వాటికి చేరే రక్తం తగ్గుతుంది. వాసోప్రెస్సిన్ ప్రభావంతో మూత్రం చిక్కబడుతుంది. ఒకనాటి ఈ సర్దుబాటు హాని చేయదు. ఏళ్ల తరబడి ప్రతి పనిదినం ఇదే జరిగితే నష్టం మిగలవచ్చని మధ్య అమెరికా చెరకు తోటల అనుభవం సూచిస్తున్నది. అక్కడ యువ కోతకూలీలలో మధుమేహం గాని, అధిక రక్తపోటు గాని లేకుండానే దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి వ్యాపించింది. ఎల్ సాల్వడార్, నికరాగువాలలో నీరు, విశ్రాంతి, నీడ అనే మూడింటిని పని నిబంధనలలో చేర్చే ప్రయత్నాలు దీని ఫలితమే.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో జీడిమామిడి, కొబ్బరి తోటల నడుమ ఇటువంటి వ్యాధే దశాబ్దాలుగా కుటుంబాలను కుదేలు చేస్తున్నది. అక్కడ దానికి ఏకైక కారణం నిర్ధారణ కాలేదు. తాగునీరు, నేల, రసాయనాలు, వారసత్వం, వేడిలో శ్రమ అన్నీ పరిశోధనలో ఉన్నాయి. 2023 డిసెంబర్‌లో పలాసలో మూత్రపిండ వ్యాధుల పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. కారణం తేలేవరకు ఆగకుండా మనం చేయగలిగినవి ఉన్నాయి. వాటిలో ఒకటి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొని మింగే డైక్లోఫెనాక్ వంటి మాత్రల గురించి హెచ్చరించడం. ప్లాస్మా తగ్గినవేళ మూత్రపిండాలకు రక్తాన్ని అందించే చివరి రక్షణను ఈ మందులు దెబ్బతీస్తాయి.

సిఫారసులలో చేర్చదగినవి

పంటల యాజమాన్య పద్ధతులతో పాటు ఈ కింది అంశాలను శిక్షణలలో, కరపత్రాలలో చేర్చవచ్చు.

1. ఏప్రిల్, మే నెలలలో బరువైన పనులను తెల్లవారుజామున మొదలుపెట్టి పదకొండు గంటల లోపు ముగించాలి. నాలుగు తరువాత మిగిలిన పని చేసుకోవాలి.

2. పనికి రాకముందే రెండు గ్లాసుల నీరు తాగాలి. పనిలో ప్రతి 20 నిమిషాలకు ఒక గ్లాసు తాగాలి. పూటకు ఒకసారైనా ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి లేదా గంజి తీసుకోవాలి. నీటి బిందె పని జరిగే చాలు చివరనే ఉండాలి. దూరంగా చెట్టు కింద ఉన్న నీటి కోసం గుత్త కూలీ పని ఆపి వెళ్లడు.

3. మరుగు సదుపాయం లేనందున పలువురు స్త్రీలు పని వేళల్లో నీరు తాగడమే మానుకుంటారు. నాట్లకు, మిరప కోతకు, కట్టడాల వద్దకు స్త్రీలను పిలిచే ప్రతిచోట తాత్కాలిక మరుగైనా ఏర్పాటు చేయాలి. ఇది లేనిదే పైన చెప్పిన నీటి సలహా వారికి వర్తించదు.

4. పురుగుమందుల పిచికారీ చేసేవారు రక్షణ దుస్తులలో మరింత వేడెక్కుతారు. వేడెక్కి చెమటపట్టిన చర్మం మందును ఎక్కువగా పీల్చుకుంటుంది. దుస్తులు మానేయమని చెప్పక, పిచికారీని చల్లని ఉదయానికి మార్చి, వంతులవారీగా చేయించాలి.

5. పరిశోధన క్షేత్రాలలో, కృషి విజ్ఞాన కేంద్రాలలో తూకపు యంత్రం ఉంచి, పనికి ముందు, తరువాత బరువు చూడాలి. 60 కిలోల మనిషిలో 1.2 కిలోలు తగ్గితే అది 2%. మరుసటి రోజు నీటి వాటా పెంచాలని అర్థం. ఉదయపు మూత్రం ముదురు పసుపుగా ఉన్నా అదే సంకేతం.

వాతావరణ ఆధారిత వ్యవసాయ సలహాలు ప్రతి మంగళ, శుక్రవారాలలో వెలువడుతున్నాయి. వాటిలో పైరుకు, పశువులకు సూచనలు ఉంటాయి. వడగాలి హెచ్చరికతో పాటు పనివేళలు, గంటకు తాగవలసిన నీరు, కొత్తవారికి పని పరిమితి అన్న మూడు వాక్యాలను ప్రతి సలహాలో చేర్చడానికి కొత్త నిధులు గాని, కొత్త పరికరాలు గాని అవసరం లేదు.

స్నాతకోత్తర విద్యార్థులకు ఇందులో పరిశోధనాంశాలు కూడా ఉన్నాయి. నాటు యంత్రం, కలుపు యంత్రం, డ్రోన్ పిచికారీ వంటి వాటిని ఎకరాకు ఖర్చు, ఆదా అయిన కూలి దినాలతో పోల్చడం మనకు అలవాటు. ఒక్కో పద్ధతిలో పనివారు గంటకు కోల్పోయే బరువును, నాడి వేగాన్ని కూడా పట్టికలో ఒక వరుసగా చేర్చితే ఆ పోలిక మరింత సమగ్రమవుతుంది. సాగునీటి ఉత్పాదకతను ఘనపు మీటరుకు ఎన్ని కిలోల ధాన్యమని లెక్కిస్తాము. ఆ ధాన్యం వెనుక ఎన్ని లీటర్ల చెమట ఉన్నదో, అందులో ఎన్ని లీటర్లు తిరిగి ఆ దేహానికి చేరాయో కూడా లెక్కించవలసిన సమయం వచ్చింది.